వదులు కండె

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె అవతలి పెట్టెకు చేరకముందే పేక నూలు తెగింది. ఆ ఉదయం అది మూడోసారి. దొరస్వామి మగ్గం ఆపి, నాడెలోంచి నూలు కండె ఊడబెరికి బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగింది. ఉడికిన వంకాయలా ఉంది. నూలు పొరలు పొరలుగా జారి నాడె కడుపులో చిక్కుపడి ఉంది.

"అక్కా!"

వసారాలో రాట్నం ఆగింది.

"ఏమిరా?"

"ఇది కండేనా, పిచ్చుక గూడా? చుట్టేటప్పుడు నీ మనసు యాడ ఉండాది?"

కొంతసేపటికి రాట్నం మళ్ళీ కదిలింది, మునుపటికంటే నెమ్మదిగా.

అత్తిమంజేరిపేట నేతవీధిలో కండెలు చుట్టడాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. వంటకూ నీళ్ళకూ మధ్య ఆడవాళ్ళు చేసేది అది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నూలును బిగించి పట్టుకోవాలి. ఆ పట్టు ఎంతో కండె బిగువు అంత. పట్టు తప్పితే కండె వదులవుతుంది. వదులు కండె నాడెలో జారుతుంది. మగ్గం ఆగుతుంది. మగవాడు అరుస్తాడు.

నాలుగు నెలలుగా దొరస్వామి అక్క మీద అరుస్తున్నాడు. అంతకుముందు పెళ్ళాం మీద అరిచాడు. ఆమె పోయి మూడేళ్ళయింది.

చేతిలోని కండెను కాళ్ళ కింది గుంటలోకి విసరబోయి ఆగాడు. మగ్గం గుంట ఎడమ మూల చీకట్లో అలాంటిది ఒకటి ముందే పడి ఉంది. ఆ మూల అతను చెయ్యి పెట్టడు. చీపురు కూడా పెట్టనివ్వడు. కండెను పక్కన పడేసి, గోడకు వినిపించేలా అన్నాడు.

"చేతకాకపోతే చెప్పు. ఆరణి బస్సెక్కిస్తా."

ఆరణిలో అక్క అమృతవల్లి మరిది ఇల్లు ఉంది. మొగుడు పోయాక ఆమె అక్కడ రెండేళ్ళు ఉండి, మరదలు పోయిన ఏడే ఒక ఖాళీ సంచితో తమ్ముడింటికి వచ్చింది. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. ఇతను అడగలేదు. కానీ ఆరణి మాట వింటే ఆమె నోరు మూతపడుతుందని అతనికి తెలుసు. తెలిసే ఆ మాట వాడేవాడు.

వెంటనే రాట్నం వేగం పెరిగింది.

పొద్దెక్కాక సొసైటీ గుమాస్తా శివప్రకాశం వచ్చి గడపలో నిలబడ్డాడు. మే నెల కత్తిరి ఎండకు గొడుగు పట్టుకొని ఉన్నాడు.

"దొరసామన్నా, మీ అక్కకు యాభై అయిదు దాటింది కదా?"

"అరవై మూడు. ఎందుకు?"

"గురువారం తిరుత్తణికి తీసుకొని పో. బడికి సెలవులు కదా, ఆ బడి కట్టడంలో మద్రాసు డాక్టర్లు దిగినారు. వయసైన ఆడోళ్ళ ఒంట్లో ఎంత బలం ఉండాదో మిషన్లు పెట్టి కొలుస్తారంట."

"ముసలోళ్ళ బలం వాళ్ళకెందుకు? మూట గట్టుకొని పోతారా?"

శివప్రకాశం గొడుగు మూసి గొంతు తగ్గించాడు. "పోయిన నెల తాలూకాఫీసోళ్ళు ముసలోళ్ళ పింఛనుకు పేర్లు రాసుకొని పోలా? దానికే ఉంటాది. బలం లేనోళ్ళకే ఇస్తారు. ఉండేవాళ్ళకెందుకిస్తారు?"

ఉంటాది అని మాత్రమే అన్నాడు శివప్రకాశం. ఆ మాట వీధి చివరకు చేరేసరికి ఉండాది అయిపోయింది. సాయంకాలానికి వీధిలో ముసలి ఆడవాళ్ళందరూ నడుము మీద చెయ్యి పెట్టుకొని నడవడం మొదలుపెట్టారు.

బుధవారం సాయంత్రం దొరస్వామి అక్కను గుంజ పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ముందు రోజు వెళ్ళివచ్చిన పొదటూరుపేట వాళ్ళను అడిగి అన్నీ తెలుసుకొని వచ్చాడు.

"చేతికి ఒక ఇనప పిడి ఇస్తారంట. గెట్టిగా పిసకమంటారు. నువ్వు పిసికినట్ల చెయ్యి, పిసకొద్దు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకొని లెయ్యమంటారు. లేచేటప్పుడు ఒకసారి తూలు. మరీ పడిపోవద్దు."

"నాకు అబద్ధాలు రావురా."

"ఆడదానికి నటించేది నేర్పించాల్నా? దేవకి యాడన్నా పోయి నేర్చుకొనిందా?"

అన్నాక అతనే తలుపు వైపు చూశాడు. దేవకి అతని పెళ్ళాం. చివరి నెలల్లో ఆమె కూర్చున్నచోటే కూర్చుండిపోయేది. వేళ్ళు మొద్దుబారినట్లు ఉండాయి అనేది. నటించొద్దు అనేవాడు. ఆ సంగతి వీధికంతా తెలుసు. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎత్తరు.

అమృతవల్లి వొళ్ళోని చిక్కుపడ్డ నూలును విడదీస్తూ అడిగింది.

"బలం లేదని కాగితంలో రాస్తే, ఆ కాగితం ఎవురి దగ్గర ఉంటాది?"

"మన దగ్గరే. నా దగ్గర. ఎందుకు?"

"ఊరికే అడిగినా."

ఆమె గుంజకు కట్టి ఉన్న తాడు పట్టుకొని లేచి వంటింట్లోకి వెళ్ళింది. గుడ్డలు ఆరేసే తాడు అది. గుడ్డలు దాని మీద ఎప్పుడూ లేవు. దొరస్వామి ఆ సంగతి గమనించలేదు.

గురువారం తెల్లవారుజామున బస్సు దగ్గర వీధిలోని ఆడవాళ్ళు ఏడుగురు పోగయ్యారు. అమృతవల్లి వంతు వచ్చింది. బస్సు మెట్టు మోకాలికి పైన ఉంది. ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకొని ఒక కాలు పెట్టింది. రెండో కాలు నేలను వదల్లేదు. మళ్ళీ ఒకసారి ఎగిరినట్లు చేసింది. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకొని చూస్తున్నాడు.

దొరస్వామికి నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు.

"ఇక్కడ ఎవురు చూస్తాండారక్కా? అక్కడికి కొంచెం దాచిపెట్టుకో," అని వెనకనుంచి భుజం ఆనించి పైకి తోశాడు.

లోపలినుంచి పక్కింటి సెల్లమ్మ కేక వేసింది. "ఏమక్కా, అప్పుడే మొదలుపెట్టేసినావా? నేను కొండ కనపడినాక మొదలుపెడదామనుకొన్నా!"

బస్సంతా నవ్వింది. అమృతవల్లి కూడా నవ్వి, కిటికీ పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. పొదటూరుపేట దాటేవరకూ ఆమె ఎడమచెయ్యి మోకాలి మీద మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది. పిడికిలి బిగించడం, వదలడం. తర్వాత కుడిచెయ్యి. పెదవులు లోపలికి మడుచుకుని ఆమె అదే పనిగా చేస్తోంది. అభ్యాసం చేస్తోంది, మంచిదే, అనుకున్నాడు దొరస్వామి.

తిరుత్తణి బడిలో బల్లలన్నీ గోడకు జరిపి, నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి ఉంచారు. ఒక గీత నుంచి ఇంకో గీతకు నడవాలి. నర్సు చేతిలో గడియారం. ఆ పిల్ల పేరు కోకిల. చేతులు కట్టుకొని కుర్చీలోంచి అయిదుసార్లు లేవాలి. ఆఖరున బల్ల మీద ఇనప పిడి. దానికి గుండ్రటి అద్దం, అద్దం కింద ముల్లు. పిసికితే ముల్లు తిరుగుతుంది. మూడుసార్లు పిసకాలి. డాక్టరమ్మ అట్ట మీద రాసుకుంటోంది.

మగవాళ్ళు వరండాలో కిటికీ కడ్డీల దగ్గర నిలబడ్డారు.

సెల్లమ్మ కుంటుతూ లోపలికి వెళ్ళింది. గీత దగ్గరకు కుడికాలు కుంటుతూ వెళ్ళి, వెనక్కి ఎడమకాలు కుంటుతూ వచ్చింది.

"అవ్వా, ఏ కాలు నొప్పి?" అంది కోకిల.

"రెండూ తల్లీ. అది అలిసిపోతే ఇది, ఇది అలిసిపోతే అది."

వరండాలో మగవాళ్ళు తలలు దించుకొని నవ్వారు. సెల్లమ్మ పిడిని పిసికింది. డాక్టరమ్మ చూసింది. మళ్ళీ పిసకమంది. మళ్ళీ. అద్దంలోకి చూసి, సెల్లమ్మ మొహంలోకి చూసి, నవ్వాపుకొని రాసుకుంది.

తర్వాత అమృతవల్లి.

నడక బాగానే నడిచింది, గబగబా. దొరస్వామి కడ్డీలు పట్టుకొని పళ్ళు కొరికాడు. చెప్పిందంతా మర్చిపోయింది మనిషి. కుర్చీ దగ్గరకు వచ్చాక కుదుటపడ్డాడు. చేతులు కట్టుకొని లేవబోయి కూలబడింది. మళ్ళీ ముందుకు వంగి, మెడ నరాలు ఉబ్బేటట్లు లేచి, నిలబడి, తూలింది. అయిదుసార్లు అన్నారు. రెండుసార్లకు ఆగిపోయింది. ఇంకోసారి అని తనే అడిగింది. మూడోసారి లేస్తూ పక్కనున్న కోకిల భుజాన్ని పట్టుకుంది.

"ఏమి చేస్తాండాదిరా మీ అక్క!" అన్నాడు పక్కనున్న మునెయ్య. "నాటకాల్లో వేషం కట్టొచ్చు."

"మా ఇంట్లో అందురికీ వచ్చు ఆ విద్య," అన్నాడు దొరస్వామి.

పిడి పట్టుకునేటప్పుడు ఆమె ముందు అరచేతిని చీరకు తుడుచుకుంది. కళ్ళు మూసుకుంది. మోచెయ్యి వణికింది. నుదుటి మీద చెమట బొట్లు లేచి కనుబొమల మీదికి దిగాయి. ముల్లు కొంచెం కదిలి ఆగింది. డాక్టరమ్మ మళ్ళీ అంది. మళ్ళీ. రాయబోయి కలం ఆపి, అద్దాన్ని వెలుగుకు తిప్పి చూసింది. ఇంకోసారి పిసకమంది. అది నాలుగోసారి. మిగతా ఎవరికీ నాలుగోసారి లేదు.

"ఈమెతో ఎవరు వచ్చారు?" డాక్టరమ్మ అరవంలో అడిగింది.

దొరస్వామి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. అమృతవల్లిని కోకిల అవతలి బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

"ఇది పింఛనుకు కాదయ్యా. అది ముందు తెలుసుకోండి. వయసైన ఆడవాళ్ళకు ఒంట్లో ఎంత సత్తువ మిగిలి ఉంటుందో మా కాలేజీ వాళ్ళం కొలుస్తున్నాం, అంతే."

వెనకనుంచి సెల్లమ్మ గొంతు వచ్చింది. "అట్లయితే నా కుంటుడంతా వ్యర్థమేనా!"

డాక్టరమ్మ రెండు అట్టలు పక్కపక్కన పెట్టింది. దొరస్వామికి అంకెలు చదవడం వచ్చు. ఒకదాని మీద పది, పంతొమ్మిది, పద్నాలుగు. అది సెల్లమ్మది.

"వీళ్ళలో సగం మందికి ఎవరో నేర్పించి పంపారు. మాకు తెలుస్తుంది. కావాలని తగ్గించి పిసికితే ముల్లు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. ఎంత తగ్గించామో చేతికి గుర్తుండదు." ఆమె రెండో అట్ట ముందుకు జరిపింది. "ఇది చూడండి."

ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. పక్కన ఎర్రసిరాతో ఇంకో ఎనిమిది.

"ఉన్నదంతా పెడితేనే ఇట్లా వస్తుంది. ఈ వయసుకు ఇరవై అయినా రావాలి. ఏం పని చేస్తుంది?"

"కండెలు చుడతాది."

"ఈ చేత్తోనా?"

కోకిల నీళ్ళ గ్లాసు తీసుకొని వస్తూ విన్నది. "మా అమ్మ కూడా చుడతాదన్నా. మాది పొదటూరుపేటే. ఈ పట్టుకు కండె వదులుగా కదా వస్తాది? మీ చేతికి తెలియలేదా?"

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. దెప్పడానికి కాదు. దొరస్వామి బొటనవేలు చూపుడువేలి మీద దానంతట అదే నొక్కుకుంది.

"తెలియలేదు," అన్నాడు.

డాక్టరమ్మ ఒక చీటీ రాసింది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తం చూపించాలి. ఆలస్యం చెయ్యొద్దు. "ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవురూ లేరు. ఆడదిక్కు ఈమే. నా పెళ్ళాం పోయింది."

"ఏమై పోయింది?"

"జొరం."

"జ్వరానికి ముందు బాగుండేదా?"

సుద్ద గీత మీద ఇంకెవరో ముసలామె నడుస్తోంది. ఆమె గీత చేరేదాకా దొరస్వామి చూశాడు. డాక్టరమ్మ తర్వాతి పేరు పిలిచింది.

తిరుగు బస్సులో ఎవరూ వేళాకోళాలు ఆడలేదు. ఎండ, నిద్ర. అమృతవల్లి అతని చొక్కా జేబు వైపు రెండుసార్లు చూసింది. చీటీ అంచు బయటికి కనిపిస్తోంది.

"ఆ కాగితం నీ దగ్గరే ఉండాదా?"

"ఉండాది."

"నేను నటించినా గదరా. నువ్వు చెప్పినట్లే చేసినా. బాగుండిందా?"

అతను చీటీని జేబులోకి ఇంకా లోతుగా నొక్కాడు.

"అది చూసి నిజమనుకొని, నువ్వు ఆరణికి ఉత్తరం గిత్తరం రాసేవు. నా చేతుల్లో బలం ఉండాది. కావాలంటే ఇంటికి పోయి చూపిస్తా."

"రాయను," అన్నాడు.

ఆరణి మాట నేను అనుండకూడదు అక్కా, అని చెప్పాల్సింది. అంతకంటే ముందు అనవలసినవి ఇంకా ఉన్నాయి. ఒకటి చెబితే వరసగా అన్నీ చెప్పుకోవాలి. దొరస్వామికి అంత నోరు లేదు. అరవడానికే ఉండేది.

ఇల్లు చేరి ఆమె చాప మీద పడుకుంది. అతను నిలబడి తన ఇంటిని తనే చూశాడు. గుంజకు తాడు. చేతులు పట్టుకున్న చోట నల్లగా, నున్నగా ఉంది. రాట్నం పిడికి పాత చీర పేలిక లావుగా చుట్టి ఉంది. వేళ్ళతో కాకుండా అరచేతి మొదలుతో తోసి తిప్పేందుకు. నీళ్ళ గది దగ్గర పెద్ద ఇత్తడి బిందె బోర్లించి ఉంది. కారుతోంది అని ఆమె ఎప్పుడో చెప్పింది. దాని పక్కన నాలుగు చిన్న చెంబులు. అతను ఇత్తడి బిందెలో నీళ్ళు పోసి గట్టు మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

మగ్గం గుంటలోకి దిగాడు. వంగి, ఎడమ మూలకు చెయ్యి పెట్టాడు. దుమ్ము, దారాల ఉండలు, బూజు. వేళ్ళకు తగిలింది. పైకి తీశాడు. ఆకుపచ్చ కండె. ఆ ఏడాది ఆకుపచ్చ లుంగీలు నేసేవాడు. కండె వదులుగా ఉందని దేవకి ముందరే విసిరికొట్టాడు. ఇంకోటి చుట్టు పో అన్నాడు. ఆమె గోడ పట్టుకొని లేచింది. నటించొద్దు అన్నాడు. ఆమె ఇంకోటి చుట్టింది. అదీ వదులుగానే ఉంది. రెండు నెలలకు పోయింది.

దుమ్ము ఊది, బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. మొన్న అక్క కండె మీద ఎంత దిగిందో అంతే.

డాక్టర్లకు మిషను కావాలి. అద్దం కావాలి, ముల్లు కావాలి. ఇతనికి రోజూ గంపెడు కండెలు చేతికి వచ్చేవి. ఒక్కొక్కటీ నొక్కి చూసేవాడు. కొలత తప్పు చూపలేదు. చూసినవాడు వెధవ. ఆ మాట తనను తాను అనుకున్నాడు. అనుకున్నందువల్ల ఏమీ తేలికపడలేదు.

శుక్రవారం పొద్దున అమృతవల్లి వీధిలో అందరికంటే ముందు రాట్నం దగ్గర కూర్చుంది. గంపలో పన్నెండు కండెలు తెచ్చి మగ్గం పక్కన పెట్టి నిలబడింది. దొరస్వామి ఒకటి తీసి నాడెలో పెట్టుకున్నాడు. నొక్కలేదు.

"చూడవా?"

"చూసేదేముండాది."

నాడె మెల్లగా విసిరాడు. నాలుగు పేకలకు జారింది. మగ్గం ఆపాడు. వసారాలో రాట్నం కూడా ఆగింది. అతను దారం కొరికి, ముడివేసి, మళ్ళీ విసిరాడు. కాసేపటికి రాట్నం తిరిగింది.

మధ్యాహ్నం తిని ఆమె కునుకు తీసింది. దొరస్వామి రాట్నాన్ని శబ్దం కాకుండా ఎత్తుకొని పెరట్లోకి పోయాడు. ఇంటి వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మగవాడు రాట్నం ముందు కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. అక్క చుట్టిన కండెల్ని ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ చుట్టాడు. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది మధ్యలో ఉబ్బింది. నూలు ఎడమ చూపుడువేలిని కోసింది. వేలు నోట్లో పెట్టుకొని మళ్ళీ పట్టుకున్నాడు. అయిదో కండెకు మణికట్టు లాగసాగింది. యాభై ఏడేళ్ళవాడి మగ్గం చేతులు. ఆమె రోజూ ఇలాంటివి నలభై చుట్టేది.

గోడ అవతలినుంచి సెల్లమ్మ తల కనపడింది. నోరు తెరిచింది. అతని మొహం చూసింది. తెరిచిన నోరు మూసుకొని దిగిపోయింది. ఆమె జన్మలో ఒక మాట మింగడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

సాయంకాలం మగ్గం ఆగకుండా ఆడింది. అమృతవల్లి గుంజ దగ్గర కూర్చుని ఆ చప్పుడు విన్నది. చాలాసేపు విన్నది.

"కండెలు ఎట్లుండాయిరా?"

"గెట్టిగా ఉండాయక్కా."

ఆమె రాట్నం వైపు చూసింది. పిడికి చుట్టిన పేలిక ఊడిపోయి, తిరిగి ఎవరో మగచేతులతో ముడివేసినట్లు ముద్దగా ఉంది. దాని మీద ఒకచోట ఎర్రటి మరక. పొద్దున ఆ మరక లేదు. ఆమె చూపు అక్కడినుంచి తమ్ముడి చూపుడువేలి మీదికి వచ్చి ఆగింది.

"సోమవారం తిరువళ్ళూరు పోవాల," అన్నాడు అతను నాడె ఆపకుండా. "పొద్దున బస్సుకు. పెద్దాసుపత్రికి. ఆరణికి కాదు."

"సరే."

"మెట్టు ఎత్తుగా ఉంటాది. నేను పట్టుకొంటా."

"సరే." ఆమె తాడు పట్టుకొని లేచింది. వంటింటి గడప దాటుతూ వెనక్కి తిరగకుండా అంది. "నువ్వు కూడా బాగానే నటిస్తావురా, దొరసామీ."

దొరస్వామి మగ్గం ఆపలేదు. ఎదురుగా గోడగూట్లో, దీపం పక్కన, గుంటలోంచి తీసి పెట్టిన దేవకి ఆకుపచ్చ కండె ఉంది. ఆ మధ్యాహ్నం గంపలో కండెలన్నీ విప్పి బిగించాడు. దాన్ని కూడా ఒకసారి చేతిలోకి తీసుకొని, కొస వెతికి, దొరికాక, తిరిగి అక్కడే పెట్టేశాడు.

దాన్ని అతను బిగించలేదు.